కాయిదం చదవడం నేర్పే కోర్సు పెట్టండి

తెలంగాణ ఉన్నత విద్యామండలి ఛైర్మన్ గారికి,



నేను నల్గొండ జిల్లాలో ఒక జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో న్యాయవాదిని. మా ఊళ్ళో ఇప్పటికీ దాన్ని మున్సిఫ్ కోర్టు అనే అంటారు. మా బాపు అదే కోర్టులో ముప్పై ఏండ్లు వకీలు గుమాస్తాగా పనిచేశాడు. జిల్లాల్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో పారాలీగల్ కోర్సు పెట్టమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. పేరుకు పెట్టమని కాదు. ఎట్లాంటిది పెడితే మా ఊళ్ళకు పనికొస్తుందో, ఎట్లాంటిది పెడితే పిల్లల కాలం, తల్లిదండ్రుల డబ్బు రెండూ పోతాయో నాకు తెలిసినంతవరకు చెప్తాను. మీకు నేరుగా అర్జీ పెట్టుకోవచ్చు. కానీ ఇది కాలేజీలవాళ్ళు, వకీళ్ళు, పిల్లల్ని చదివించే తల్లిదండ్రులు కూడా చదవాల్సిన సంగతని అందరి ముందు రాస్తున్నాను.

ముందు ఒక అవ్వ సంగతి చెప్పాలి.

ఎల్ఎల్‌బీ చివరి సంవత్సరంలో మా కాలేజీ న్యాయ సహాయ కేంద్రం తరఫున ఒక ఊళ్ళో శిబిరం పెట్టారు. బడి ముందర టెంటు, ఫ్లెక్సీ, మైకు. వచ్చినవాళ్ళకు కరపత్రాలు పంచే పని నాది. అరవై ఏండ్ల అవ్వ ఒకామె నా దగ్గరికి వచ్చి, కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. మడతల దగ్గర చిరగబోతోంది.

"ఈ కాయిదం సూడు బిడ్డా. నన్ను జైలుకు తోల్తరంట" అంది.

చదివాను. పైన కోర్టు పేరు, ఈపీ నంబరు, కింద వాయిదా తేదీ, ముద్ర. ఈపీ అంటే డిక్రీ అమలు కోసం వేసే పిటిషనని తెలుసు. సివిల్ ప్రొసీజర్ కోడ్ పేపర్లో నాకు మంచి మార్కులే వచ్చాయి. రెస్ జుడికేటా మీద ఎనిమిది పేజీలు రాయమంటే రాయగలను. ఆ కాగితం పట్టుకుని నిలబడ్డ మనిషి రేపు పొద్దున ఏ గదికి పోవాలో, ఎవరిని ఏమని అడగాలో మాత్రం చెప్పలేకపోయాను. "ఎవరన్నా వకీలును పెట్టుకో అవ్వా" అన్నాను. "ఏడ దొరుకుతడు బిడ్డా, ఎన్ని పైసలు అడుగుతడు?" అంది. నా దగ్గర జవాబు లేదు. కాగితాన్ని జిరాక్స్ తీసుకుని ఇంటికి తెచ్చాను.

బాపు అన్నం తింటున్నాడు. చేయి కడుక్కుని, అద్దాలు పెట్టుకుని, కాగితాన్ని ముందుగా వెనక్కి తిప్పాడు. వెనకవైపు జిరాక్స్ తీయలేదని తెలుసుకుని నా ముఖంలోకి చూశాడు. "కాయిదానికి రెండు దిక్కులుంటయి. ఎప్పుడందింది, ఎవరి చేతికందింది అన్నది ఎనకదిక్కు ఉంటది" అన్నాడు. తర్వాత అడిగాడు: "మొదాలు వచ్చిన సమన్లు ఏమైనయట?" నేను అడగలేదు. ఈపీ వచ్చిందంటే అంతకుముందు దావా ఉంటుంది, దావా ఉంటే సమన్లు వచ్చి ఉంటాయి. చదువుకున్న నాకు ఆ గొలుసు తట్టలేదు.

మర్నాడు ఇద్దరం బస్సెక్కి ఆ ఊరికి పోయాం. అవ్వ లోపలికి పోయి దేవుని పటం వెనక నుంచి ఇంకో కాగితం తీసింది. దాని నిండా పసుపు, కుంకుమ మరకలు. "కోర్టు కాయిదం గదా, పారేస్తే ఏమైతదో అని దేవుని కాడ పెట్టిన" అంది. చనిపోయిన భర్త రాసిచ్చిన ప్రామిసరీ నోటు మీద, వారసురాలిగా ఆమె మీద వేసిన దావా అది. ఆమె వాయిదాకు పోలేదు. ఆమె లేకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ అయింది.

బాపు గడపలో కూచుని ఆమెకు మూడు మాటలు చెప్పాడు. డబ్బు డిక్రీ కింద ఆడమనిషిని అరెస్టు చేయరు. భర్త చేసిన అప్పుకు, ఆయన వదిలిపోయిన ఆస్తి ఎంతో అంతవరకే ఆమె బాధ్యత. వకీలుకు పైసలు ఇచ్చే పని లేదు, ఆడమనిషికి ఆదాయం ఎంతున్నా సర్కారే వకీలునిస్తుంది. మొదటిది సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్. రెండోది 50, 52 సెక్షన్లు. మూడోది 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్. ఆ మూడో మాట ముందురోజు నా చేతిలో ఉన్న కరపత్రంలో అచ్చయి ఉంది. రెండు వందల మందికి పంచాను, ఎదురుగా నిలబడ్డ మనిషికి చెప్పలేదు.

జైలు లేదన్న మాట వినగానే ఆమె గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చింది. నోటీసు వచ్చినప్పటి నుంచి కంటి మీద కునుకు లేదట.

ఎక్స్‌పార్టీ డిక్రీని కొట్టేయమని అడగడానికి గడువు 30 రోజులు. అది దాటిపోయింది కనుక ఆలస్యాన్ని మన్నించమని లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద ఇంకో పిటిషన్ వేయాలి. మండల న్యాయ సేవా సంఘం ప్యానెల్ వకీలును ఇచ్చింది. అఫిడవిట్‌కు కావలసిన సంగతులన్నీ, తేదీలతో సహా, బాపు ఆమె నోటి నుంచి విని వరుసగా రాసిచ్చాడు. పిటిషన్లు ఒప్పుకున్నారు, దావా మళ్ళీ తెరుచుకుంది, చివరికి లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఎంతకు రాజీ అయిందో ఇక్కడ రాయను. అది ఆమె విషయం.

అయ్యా, నేను అడుగుతున్న చదువు ఆ రోజు బాపు చేసిన పనే. వకీలు వాదించేది కోర్టులో. దానికి ముందు ఎన్నో మెట్లున్నాయి. కాగితం ఏమిటో గుర్తుపట్టడం, తేదీ చూసి గడువు లెక్కకట్టడం, మనిషి చెప్పేది పూర్తిగా విని వరుసలో పెట్టడం, ఏ ఆఫీసుకు ఏ నకలు కోసం దరఖాస్తు చేయాలో తెలియడం, దొరికిన నకలు చదవడం. పేదవాడి కేసు చాలాసార్లు ఈ మెట్ల మీదనే జారిపోతుంది, వాదన దాకా రాదు. పారాలీగల్ అంటే ఈ మెట్ల మీద చేయి పట్టుకుని నడిపించే మనిషి.

మా బాపు పదో తరగతి వరకే చదివాడు. దావా కాగితాలను సూది దారంతో కుట్టి, డాకెట్ మడిచి, పేజీ నంబర్లు వేసి, కోర్టు ఫీజు లెక్క సరిచూసి ఆఫీసులో పెడితే అది అభ్యంతరాలతో తిరిగొచ్చిన రోజులు తక్కువ. సంవత్సరానికో డైరీ, రోజుకో పేజీ, పేజీలో ఆ రోజు వాయిదాలు. ఏ కక్షిదారు ఏ ఊరు, ఎవరికి బస్సు లేదు, ఎవరికి చెవుడు, అన్నీ అందులో ఉండేవి. ఇంటి దగ్గర ఎవరి కేసు గురించీ ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. వకీలు తన కక్షిదారు రహస్యం బయటపెట్టకూడదన్న కట్టడి ఆయన గుమాస్తాకూ వర్తిస్తుందని 1872 నాటి సాక్ష్య చట్టం 127వ సెక్షన్ చెప్పింది. ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలోనూ అది ఉంది. రహస్యం కాపాడాల్సిన మనిషిగా చట్టం గుమాస్తాను ఎప్పుడో గుర్తించింది. ఆ పని నేర్పడానికి మాత్రం మన దగ్గర ఒక తరగతి గది లేదు. ఆయన తన పైవాడి దగ్గర చూసి నేర్చుకున్నాడు, ఆయన దగ్గర ఇద్దరు నేర్చుకున్నారు. అంతటితో ఆగింది.

ఏమీ లేదని నేను అనను. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో 39ఎ అధికరణం చేరింది, పేదరికం వల్ల ఎవరికీ న్యాయం అందకుండా పోరాదని అంది. 2009లో జాతీయ న్యాయ సేవాధికార సంస్థ, మనం నల్సా అంటాం, పారా లీగల్ వాలంటీర్ల పథకం తెచ్చింది. అంగన్‌వాడీ టీచర్లు, విద్యార్థులు, రిటైరైన ఉద్యోగులు, మంచి నడవడి ఉన్న దీర్ఘకాల శిక్ష ఖైదీలు కూడా అందులో చేరవచ్చు. తప్పిపోయిన పిల్లల కేసులో 2013లో సుప్రీంకోర్టు ఠాణాల్లోనూ పారా లీగల్ వాలంటీరును పెట్టమంది. లా కాలేజీల్లో న్యాయ సేవా కేంద్రాల కోసం 2011లో నల్సా నిబంధనలు వచ్చాయి. ఇగ్నోలో పారాలీగల్ ప్రాక్టీస్ డిప్లొమా ఉంది.

వాలంటీర్లతో నేను కలిసి పనిచేస్తాను, వాళ్ళ మీద నాకు గౌరవం ఉంది. అయితే వాళ్ళకు దొరికేది కొన్ని రోజుల శిక్షణ, పనిచేసిన రోజుకు కొంత గౌరవ భృతి. కొన్ని రోజుల్లో ఎవరికైనా చట్టాల పేర్లు వస్తాయి, కాగితం చదవడం రాదు. లా కాలేజీ కేంద్రం సంగతి నా అనుభవంలోనే చెప్పాను. డిగ్రీ కాలేజీల్లో రెండు క్రెడిట్ల నైపుణ్య పేపర్లుగా న్యాయ అవగాహన లాంటివి పెడుతున్నారు. స్లైడ్లు చూపిస్తారు, ప్రాథమిక హక్కులు చెప్తారు, పరీక్ష పెడతారు. దానికి ఇంకో పేరు తగిలించి పారాలీగల్ కోర్సు అనకండి.

మా తెలంగాణలో ఈ పని తెలిసినవాళ్ళ అవసరం భూమి కాగితాల దగ్గర కనిపించినంత ఇంకెక్కడా కనిపించదు. మా కోర్టుకు వచ్చే రైతు సంచిలో ఏముంటాయో చెప్తాను. 1954-55 ఖాస్రా పహాణీ నకలు. ఆ తర్వాతి 1955-58 చెస్సలా పహాణీ. సేత్వార్‌లో తాత పేరు, పహాణీలో పెదనాయన పేరు, పాసుబుక్కులో చిన్నాన్న కొడుకు పేరు. తెల్ల కాగితం మీద రాసుకున్న సాదాబైనామా. దాన్ని క్రమబద్ధం చేసే 13బీ సర్టిఫికెట్ వచ్చిందో రాలేదో తెలియదు. కౌలుదారుకు 38ఈ సర్టిఫికెట్ వచ్చిన భూమి అయితే మరో కథ, ఇనాం భూమి అయితే అనుభవ హక్కుల పత్రమైన ఓఆర్‌సీ ఉండాలి. తండ్రి చనిపోయి పదేండ్లయినా విరాసత్ కాలేదు. ఈ మాటల్లో సగం ఉర్దూ, పార్సీల నుంచి వచ్చినవి. చదవగలిగిన పాత పట్వారీలు ఒక్కొక్కరే పోతున్నారు. పహాణీలో పట్టాదారు కాలమ్ ఏదో, అనుభవదారు కాలమ్ ఏదో చూపించమంటే మా దగ్గరికి వచ్చే జూనియర్ వకీళ్ళే తడబడతారు.

భూమి హక్కుల మీద వచ్చిన 2020 చట్టంలో అప్పీలు మెట్లు లేక జనం సివిల్ కోర్టుల చుట్టూ తిరిగారు. 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి చట్టం అమల్లోకి వచ్చి అప్పీళ్ళు మళ్ళీ వచ్చాయి. మంచిదే. అప్పీలు ఉందంటే దానికి గడువు ఉంటుంది, జత చేయాల్సిన కాగితాలుంటాయి, కింది ఉత్తర్వు నకలు తీయాలి. ఊళ్ళో ఆ పని ఎవరు చేస్తున్నారు? తహసీల్దారు ఆఫీసు ఎదుటి జిరాక్స్ షాపులో కంప్యూటరు ముందు కూచున్న పిల్లవాడు. వాడు తెలివైనవాడు, చేయి వేగం. పాత దరఖాస్తు ఒకటి తెరిచి, పేర్లు మార్చి, ప్రింటు తీసి ఇస్తాడు. పోయిన వారం నా దగ్గరికి వచ్చిన ఒక దరఖాస్తులో సర్వే నంబరు ఈ రైతుది, పొరుగు హద్దులు ఇంకో ఊరి రైతువి. ఆ పిల్లవాడిని నేను తప్పుపట్టను. వాడికి నేర్పినవాళ్ళు లేరు. వాడికి పైన ఇంకొకడుంటాడు, పని చేయిస్తానని డబ్బు తీసుకుని తిరిగేవాడు. మనం శిక్షణ ఇచ్చిన మనిషిని పెట్టకపోతే ఆ కుర్చీలో దళారి కూచుంటాడు.

ఇది చేతనయ్యే పనేనని చూపించిన అనుభవం కూడా మన దగ్గరే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో ఇందిరా క్రాంతి పథం కింద సెర్ప్ సంస్థ ఊళ్ళలో చదువుకున్న యువతను పారాలీగల్స్‌గా తీసుకుని భూమి చట్టాలు నేర్పింది. వాళ్ళు సర్వేయర్లతో కలిసి పేదల భూముల చిక్కులు వెతికి, రికార్డులు తీసి, రెవెన్యూ ఆఫీసుల్లో అర్జీలు నడిపారు. అప్పట్లో మా మండలంలో పనిచేసిన ఒకాయన ఇప్పటికీ పహాణీ చేతిలో పెడితే నిమిషంలో చిక్కు ఎక్కడుందో చెప్తాడు. ఆయన ఇప్పుడు ఎరువుల దుకాణం నడుపుతున్నాడు.

కనుక కోర్సు ఇట్లా ఉండాలని నా కోరిక. బీఏ, బీకాం పిల్లలకు డిగ్రీతో పాటు నడిచే ఒక సంవత్సరం కోర్సు కావాలి. మొదటి నెలలు చట్టం పుస్తకం తెరవకుండా కాగితాలే చదివించాలి. సమన్లు, ఎఫ్ఐఆర్, చార్జిషీటు, ఈసీ, లింకు డాక్యుమెంట్లు, డిక్రీ, మరణ ధ్రువపత్రం, పహాణీ. పేర్లు కొట్టేసిన నిజం కాగితాలు వందల కొద్దీ దొరుకుతాయి. ఆ తర్వాతే ఆ కాగితం వెనకున్న చట్టం. చట్టాన్ని తెలుగులో చెప్పి, కాగితం ఇంగ్లిషులో ఉంటే దాన్ని ఇంగ్లిషులోనే చదివించి, అర్థం తెలుగులో ఎదుటి మనిషికి చెప్పించాలి. పరీక్ష కూడా అట్లాగే పెట్టాలి. చేతిలో ఒక కాగితం, ఎదురుగా ఒక మనిషి, ఇరవై నిమిషాల సమయం.

కోర్సులో సగం కాలం బయట గడవాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు, కోర్టు నకళ్ళ విభాగం, వకీలు ఆఫీసు, తహసీల్దారు ఆఫీసు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. వీలైతే జైలు కూడా. జైలు ఎందుకంటే, అక్కడ ముఖ్యమైన పని రోజులు లెక్కపెట్టడం. నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు పడకపోతే బెయిలు అడిగే హక్కు పుడుతుంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు కానప్పుడు, అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే విడుదలకు అర్హుడు. మీద ఇంకో కేసు ఉంటే అది వర్తించదు. ఈ లెక్క చేయడానికి వకీలే అక్కర్లేదు. కాగితం చదవగలిగి, క్యాలెండరు చూడగలిగి, లెక్క చేసి పైవాళ్ళకు చెప్పగలిగిన ఇరవై ఏండ్ల పిల్ల చాలు.

నేర్పేవాళ్ళు ఎక్కడున్నారని మీరు అడగవచ్చు. రిటైరైన కోర్టు సూపరింటెండెంట్లు, తహసీల్దార్లు, ముప్పై ఏండ్లు పనిచేసిన గుమాస్తాలు ఉన్నారు. 2022లో యూజీసీ తెచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ విధానంలో, పనిలో ఆరితేరినవాళ్ళకు డిగ్రీలు తప్పనిసరి కాదన్నారు. దాన్ని పెద్ద కంపెనీలవాళ్ళ కోసమే కాదు, మా కోర్టు బెంచీ మీద కూచున్న పెద్దమనిషి కోసం కూడా వాడండి.

హద్దు కూడా మొదటి రోజే చెప్పాలి. కోర్టులో వాదించే హక్కు అడ్వొకేట్స్ చట్టం 1961 ప్రకారం న్యాయవాదిదే. హక్కు లేకుండా ప్రాక్టీసు చేస్తే 45వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. నల్లకోటు వేసుకున్నట్టు మాట్లాడవద్దని, కేసు గెలుస్తుందని ఎవరికీ మాట ఇవ్వవద్దని, కక్షిదారు దగ్గర డబ్బు ముట్టవద్దని, విన్నది బయట చెప్పవద్దని పిల్లలకు నేర్పాలి. నా తోటి న్యాయవాదుల్లో కొందరికి తమ పని పోతుందన్న భయం ఉంది. నా అనుభవం వేరు. కాగితాలు వరుసలో పెట్టుకుని వచ్చిన కక్షిదారు కేసును నేను సగం కాలంలో తయారుచేస్తాను, ఇంకొకరి కేసు కూడా చూడగలుగుతాను.

మా పిన్ని కూతురు కెనడాలో ఒంటారియోలో ఉంటుంది. అక్కడ 2007 నుంచి పారాలీగల్స్‌కు న్యాయవాదుల నియంత్రణ సంస్థే లైసెన్సు ఇస్తోంది. కాలేజీలో చదివి, కొంతకాలం బయట పనిచేసి, లైసెన్సు పరీక్ష రాసినవాళ్ళు చిన్న మొత్తాల దావాల కోర్టులో, అద్దె తగాదాల బోర్డు ముందు తామే నిలబడతారు. మనం అంతదాకా పోవాలని నేను అడగడం లేదు. కాలేజీ చదువునూ పని అనుభవాన్నీ విడదీయకుండా ముడివేసిన ఆ ఒక్క పద్ధతి తీసుకోమంటున్నాను. మన దగ్గర కూడా రిటైల్ దుకాణాల పనికి అప్రెంటిస్‌షిప్‌తో కూడిన డిగ్రీ వచ్చింది. దుకాణానికి కుదిరింది న్యాయానికి కుదరదా?

ఉద్యోగాల సంగతి దాచకుండా చెప్పాలి. మన దేశంలో పారాలీగల్‌కు ఇంకా లైసెన్సు లేదు, ప్రభుత్వంలో ఆ పేరుతో స్థిరమైన కొలువు లేదు. హైదరాబాదులో లా ఫర్ములు, బ్యాంకుల లీగల్ విభాగాలు, ఆస్తి పత్రాలు పరిశీలించే సంస్థలు కొందరిని తీసుకుంటాయి. మిగతావాళ్ళు? కోర్సు బ్రోచరులో ఉజ్వల భవిష్యత్తు అని అచ్చు వేసి పల్లె పిల్లల్ని చేర్చుకుని, చివర్లో సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపితే అది మోసం. కోర్సు పెట్టే ముందే మీరు రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థతో, ప్రభుత్వంతో కూచుని, మండల న్యాయ సేవా సంఘానికి కనీసం ఒక పారాలీగల్‌కు నెల జీతం మీద కొలువు వచ్చేటట్టు మాట్లాడండి. ముందు రెండు జిల్లాల్లో మొదలుపెట్టినా చాలు. కొలువు కుదరని చోట కోర్సు పెట్టకండి.

బాపు పోయి నాలుగేండ్లయింది. ఆయన డైరీలు ఇరవై తొమ్మిది మా ఇంట్లో ఇనప్పెట్టెలో ఉన్నాయి. పేర్లు కనిపించకుండా చేసి, వాయిదాలు, గడువులు, అభ్యంతరాలు పాఠాలుగా తీయడానికి కాలేజీకి ఇస్తాను. నా ఆఫీసులో ఇద్దరు విద్యార్థులకు చోటుంది, బల్ల కూడా ఉంది. శనివారాలు కోర్టు అయ్యాక సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా పైసా తీసుకోకుండా నేర్పుతాను. మొదటి రోజు వాళ్ళ చేతిలో పెట్టే కాగితం కూడా నా దగ్గర సిద్ధంగా ఉంది. ఆ అవ్వను అడిగి మరీ తెచ్చుకున్న ఈపీ నోటీసు నకలు. ఈసారి రెండు వైపులా జిరాక్స్ తీయించాను.

ఇట్లు,
ఒక న్యాయవాది,
నల్గొండ జిల్లా